విశాఖ మీద బాంబులు వేసిన ఓడ: ర్యూజో 1/700 ప్రాజెక్టు డైరీ

దశ 1: ఏ ఓడ, ఏ నెల

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసిన విమానాలు జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచినవి. ఆ బాంబుల సంగతి మన ఊళ్లో చాలామందికి తెలుసు. జనం ఇళ్లకు తాళాలు వేసి పల్లెలకు పోయిన కబుర్లు ఇంకా వినిపిస్తాయి. పేలకుండా మిగిలిన బాంబు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. ఓడ ఎలా ఉండేదని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు దొరకరు. విమాన వాహక నౌక అనగానే ఇక్కడ అందరికీ గుర్తొచ్చేది విక్రాంతే. అది న్యాయమే. కానీ మన రేవు మీదికి విమానాలు పంపిన ఓడ కూడా మన చరిత్రలో భాగమే కాబట్టి, ఆ ఏప్రిల్‌లో ఎలా ఉందో అలాగే ప్లాస్టిక్ కిట్‌తో 1/700 నమూనా (అసలు ఓడలో ఏడు వందల వంతు) కట్టాలని దీన్ని ఎంచుకున్నాను.

నెల ముఖ్యం. ఎందుకంటే ఈ ఓడ పుట్టినప్పటి నుంచి ఆకారం మారుతూనే ఉంది. 1922 వాషింగ్టన్ ఒప్పందంలో పది వేల టన్నుల లోపు విమాన వాహక నౌకలు లెక్కలోకి రావు. ఆ సందులోంచి దూరిపోవడానికి జపాన్ దీన్ని చిన్న ఓడగా గీసింది. 1929లో పని మొదలైంది. 1930 లండన్ ఒప్పందం ఆ సందు మూసేసింది. ఈలోగా విమానాలు ఎక్కువ పట్టాలని హ్యాంగర్ (విమానాలు ఉంచే గది) మీద ఇంకో హ్యాంగర్ ఎక్కించారు. సన్నటి హల్ (ఓడ కింది శరీరం) మీద రెండంతస్తుల పెట్టె కూర్చుంది. 1934 మార్చిలో తొమొజురు అనే టార్పెడో పడవ తుపాను సముద్రంలో బోల్తా పడ్డాక, పైబరువు ఎక్కువున్న ఓడలన్నిటినీ మళ్లీ చూశారు. ర్యూజోకు నిలకడ కోసం హల్ పక్కల బయటికి పొడుచుకొచ్చే ఉబ్బులు పెంచారు, ఆరు జంట 12.7 సెం.మీ. తుపాకుల్లో రెండు తీసేసి వాటి చోట తేలికైన 25 మి.మీ. జంట తుపాకులు పెట్టారు. 1935 సెప్టెంబరు తుపానులో జపాన్ నాలుగో నౌకాదళం దెబ్బ తిన్న తర్వాత ముందుభాగాన్ని ఒక అంతస్తు ఎత్తు పెంచారు.

కాబట్టి 1942 ర్యూజో కట్టేవాళ్లు గ్లూ తెరిచే ముందు మూడు చూసుకోవాలి.

1. 12.7 సెం.మీ. జంట తుపాకులు నాలుగే ఉండాలి. నా కిట్‌లో ఆరు ఉన్నాయి. రెండు పక్కన పెట్టాను.
2. ముందుభాగం ఎత్తు పెంచిన తర్వాతదై ఉండాలి.
3. ఏప్రిల్‌లో ఈ ఓడ మీద ఉన్న ఫైటర్ ‘జీరో’ అనే కొత్త విమానం కాదు, చక్రాలు లోపలికి ముడుచుకోని పాత ఏ5ఎం4 రకం. బాంబులు మోసింది బీ5ఎన్ రకం విమానం.

కొలతలు. అసలు కొలతను మీటర్లలో తీసుకుని 0.7తో భాగిస్తే 1/700లో మిల్లీమీటర్లు వస్తాయి. లెక్క సులువు.

మొత్తం పొడవు 179.9 మీ. అంటే 257.0 రావాలి. కిట్‌లో 256.4.
వెడల్పు 20.78 మీ. అంటే 29.7. కిట్‌లో 29.9.
ఫ్లైట్ డెక్ పొడవు 156.5 మీ. అంటే 223.6. కిట్‌లో 223.
డెక్ వెడల్పు 23 మీ. అంటే 32.9. కిట్‌లో 32.7.

ఈ తేడాలు వదిలేయొచ్చు. వెడల్పు 30 మి.మీ. కూడా లేని హల్ మీద అంతకంటే వెడల్పైన డెక్. ఈ బొమ్మకి అందం ఇదే, కట్టేటప్పుడు ఇబ్బందీ ఇదే.

ఖర్చు: కిట్ (కస్టమ్స్‌తో కలిపి) 4,200, ఇత్తడి పార్టుల షీటు 2,300, ఏ5ఎం4 విమానాల స్ప్రూ (పార్టులు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) 950.
ఇప్పటిదాకా: రూ. 7,450. ఎయిర్ బ్రష్, కంప్రెసర్ ముందే ఉన్నాయి, వాటిని కలపలేదు.

దశ 2: హల్, డెక్

హల్ రెండు సగాలుగా, అడుగున చదునైన పలకతో వచ్చింది. సగాలు రెండూ మధ్యలో లోపలికి వంగి ఉన్నాయి. చేత్తో బయటికి లాగి అతికితే పట్టు జారిపోయి అతుకు తెరుచుకుంది. ప్లాస్టిక్ పట్టీ కోసి, అడ్డుకర్రలు చేసి ఐదు చోట్ల లోపల బిగించాక సర్దుకుంది. అడ్డుకర్ర పొడవు ముందే రాసి పెట్టుకోకండి. ముందూ వెనకా వెడల్పు తగ్గుతూ పోతుంది కాబట్టి ప్రతిదీ అక్కడికక్కడ కొలిచి కోయాలి.

ముక్కు దగ్గర అతుకులో 0.3 మి.మీ. సందు మిగిలింది. లప్పం పెట్టి, 400 నుంచి మొదలుపెట్టి 1000 దాకా వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాను. వాటర్ పేపర్‌ను వేలికి చుట్టుకుంటే లప్పం మధ్యలో గుంట పడుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లకి అతికించి రుద్దితే చదును వస్తుంది. ఉబ్బుల అంచు దగ్గర ఆకురాయి వాడొద్దు. ఆ అంచు పోతే మళ్లీ తెప్పించడం కష్టం, పైగా 1934 మార్పులకు సాక్ష్యం అదే.

కిటికీల బెజ్జాలు 0.4 మి.మీ. బిట్‌తో చేత్తో తిప్పి లోతు చేశాను. అసలు ఓడ మీద అది 28 సెం.మీ. అవుతుంది, కంటికి సరిగ్గానే ఉంది. 0.5 పెడితే ఓడ చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది.

ఇక డెక్. ఈ ప్రాజెక్టులో నన్ను ఎక్కువ ఆపింది ఇదే. గాజు పలక మీద బోర్లా పెట్టి చూస్తే రెండు చివరలూ లేచి ఉన్నాయి. ముందు చివర 1.4 మి.మీ., వెనక 0.9. పావు మీటరు కూడా లేని వస్తువులో మిల్లీమీటరున్నర అంటే అసలు ఓడలో దాదాపు మీటరు ఎత్తు. ర్యూజోకు ఐలాండ్ (డెక్ పక్కన లేచి ఉండే బురుజు) లేదు. బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, డెక్ ముందు అంచు కిందే ఉంటుంది. పక్క నుంచి చూసినప్పుడు డెక్ గీత ఒక్కటే కనబడుతుంది, అది వంకరైతే దాచడానికి ఏమీ ఉండదు.

మొదట వేడి నీళ్లలో ముంచి, గాజు మీద బరువు పెట్టి వదిలేశాను. సాయంత్రానికి చదునుగానే ఉంది. రెండు రోజులకు ముందు చివర మళ్లీ 1.1కి లేచింది. ప్లాస్టిక్‌లో అచ్చు నాటి బిగువు ఉండిపోతుంది, వేడి దాన్ని కాస్త సడలిస్తుందే గానీ పూర్తిగా తీయదు. అందుకని పద్ధతి మార్చాను.

1. డెక్ అడుగున, హ్యాంగర్ గోడలు తగలని చోట, నిలువుగా 2 మి.మీ. ఎత్తు ప్లాస్టిక్ పట్టీలు రెండు వరసలు అతికించాలి. పట్టీ అంచు చదునుగా ఉందో లేదో ముందే గాజు మీద చూడాలి.
2. గ్లూ తడిగా ఉండగానే డెక్‌ను గాజుకు మాస్కింగ్ టేపుతో కట్టాలి.
3. కనీసం రెండు రాత్రులు వదిలేయాలి. విశాఖ గాలిలో గ్లూ ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది.
4. హల్‌కు అతికేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు పోవాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే వంకరంతా రెండో చివర పోగవుతుంది.

ఇప్పుడు ముందు చివర 0.2, వెనక సున్నా. నెల గడిచినా కదల్లేదు. డెక్‌ను రంగు వేశాకే హల్‌కు అతుకుతాను కాబట్టి ప్రస్తుతానికి విడిగా ఉంచాను.

ఖర్చు: గ్లూ 380, లప్పం 340, వాటర్ పేపర్ 90, ప్లాస్టిక్ పట్టీలు 420, గాజు పలక 60, బిట్లు 260.
ఇప్పటిదాకా: రూ. 9,000.

దశ 3: ఇత్తడి పార్టులు

రెయిలింగులు, వలలు, డెక్ వెనక భాగాన్ని మోసే స్తంభాల చుట్టూ ఉన్న జాలీ పని అంతా ఇత్తడి షీటు నుంచే. మా ఇల్లు సముద్రానికి దగ్గర. పార్సిల్ తెరిచి వారం బయట ఉంచితే షీటు మచ్చలు పడింది. మచ్చల మీద ప్రైమర్ పట్టదు, గోరు తగిలితే పెచ్చులా లేస్తుంది. దీనికి మందు వంటింట్లోనే ఉంది. నానబెట్టిన చింతపండు గుజ్జు మెత్తటి బ్రష్‌తో రాసి, వెంటనే మంచి నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. ఆ తర్వాత వేళ్లతో ముట్టుకోకూడదు, ట్వీజరే. మిగిలిన షీటు సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లోకి వెళ్లింది. బ్లేళ్లూ బిట్లూ కూడా అదే కవర్లో. బయట పెడితే తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.

గుండ్రంగా వంచాల్సిన ముక్కలు గ్యాస్ పొయ్యి సన్న సెగ మీద రంగు మారేదాకా చూపించి చల్లారనిస్తే మెత్తబడతాయి. రెయిలింగులకు ఇది చేయొద్దు. మీటరు ఎత్తు రెయిలింగు 1/700లో 1.4 మి.మీ. మాత్రమే. మెత్తబడితే ఊదినా వంగిపోతుంది.

సూపర్ గ్లూతో ఇంకో చిక్కు. గాలిలో తేమ ఉంటే అది మామూలు కంటే త్వరగా గట్టిపడుతుంది, చుట్టూ తెల్లటి పొర వదులుతుంది. కుడివైపు పొగగొట్టాల దగ్గర వేసిన వరస అంతా బూడిద చల్లినట్టయింది. ఈ ఓడలో పొగగొట్టాలు కుడి పక్క నుంచి బయటికొచ్చి కిందికి వంగి ఉంటాయి, చూపు ముందు అక్కడికే పోతుంది. ఆ వరస ఊడదీసి, ఇలా మార్చాను.

1. సూది చెవి కొన విరగ్గొట్టి, మిగిలిన రెండు కొమ్మల మధ్య నిలిచేంత గ్లూ మాత్రమే తీసుకోవాలి.
2. పొడవాటి రెయిలింగును ముందు ఫెవికాల్ చుక్కలతో నిలబెట్టాలి. సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది.
3. వరస నిటారుగా ఉందని తేలాక చివరల్లోనూ మధ్యలోనూ సూపర్ గ్లూ తాకించాలి.
4. చిన్న ఫ్యాన్ గాలి దూరం నుంచి తగలనివ్వాలి. ఆవిరి అక్కడే నిలవకపోతే తెల్ల పొర రాదు.

వెనక డెక్‌ను మోసే స్తంభాలు కిట్‌లో 1.3 మి.మీ. లావున ఉన్నాయి. ఓడ వెనక భాగం బరువుగా కనిపిస్తోంది. 0.8 ఇత్తడి తీగ పెట్టాను. తీగ పాతదే, ఖర్చు లేదు.

ఖర్చు: సూపర్ గ్లూ 80.
ఇప్పటిదాకా: రూ. 9,080.

దశ 4: రంగు

జులైలో ఉదయం ఏడింటికి హల్ మీద బూడిద రంగు లాకర్ కొట్టాను. ఆరుతూనే తెల్లబడింది. పలుచగా పాలు పోసినట్టు అక్కడక్కడా మచ్చలు. రంగు మంచిదే, థిన్నరూ మంచిదే. థిన్నర్ వేగంగా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, చుట్టూ గాలిలో ఉన్న తేమ దాని మీద నీటిగా దిగుతుంది, ఆ నీరు రంగులో చిక్కుకుంటుంది.

పరిష్కారం మా కింది వాటాలో ఉన్న బాబాయ్ చెప్పారు. ఆయన ఓడలకి రంగు వేసే పని చేసి రిటైరయ్యారు. మచ్చలు చూసి, "పొద్దున్నే ఎందుకు కొట్టావు బాబూ? మేము ప్లేటు మీద టెంపరేచర్ చూసేవాళ్లం. డ్యూ పాయింట్ కన్నా మూడు డిగ్రీలు పైన ఉంటేనే గన్ను పట్టేవాళ్లం" అన్నారు. నిజం ఓడకి పనికొచ్చే రూలు 257 మి.మీ. ఓడకీ పనికొస్తుంది. డ్యూ పాయింట్ అంటే గాలిలో తేమ నీటిగా దిగే ఉష్ణోగ్రత. తేమ కొలిచే హైగ్రోమీటర్ కొని లెక్క వేశాను.

ఉదయం బాల్కనీలో: 30 డిగ్రీలు, తేమ 86 శాతం. డ్యూ పాయింట్ 27 చుట్టూ. తేడా మూడు కంటే తక్కువ, పైగా థిన్నర్ ఉపరితలాన్ని ఇంకా చల్లబరుస్తుంది. మచ్చ పడి తీరుతుంది.

ఏసీ గదిలో, డ్రై మోడ్‌లో గంట నడిచాక: 26 డిగ్రీలు, తేమ 54 శాతం. డ్యూ పాయింట్ 16. తేడా పది.

తేమ శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, ఈ తేడా చూడాలి. అప్పటి నుంచి తేడా ఏడు దాటకపోతే రంగు ముట్టుకోవడం లేదు. వానాకాలంలో రెండు మూడు రోజులు ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది, కూర్చోవడమే మంచిది.

మిగతా మార్పులు:

1. కంప్రెసర్ గొట్టానికి మాయిశ్చర్ ట్రాప్. పని మధ్యలో కూడా దాన్లో నీళ్లు వదలాలి. ట్రాప్ లేనప్పుడు డెక్ మీద నీటి చుక్క ఉమ్మింది.
2. లాకర్‌లో పదో వంతు రిటార్డర్. ఆరడం నెమ్మదిస్తుంది, చల్లబడడమూ తగ్గుతుంది.
3. కంప్రెసర్ ఏసీ గదిలోనే ఉండాలి. బాల్కనీలో పెడితే అది పీల్చేది బయటి తేమే.
4. గదిలో థిన్నర్ వాసన పోవడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్, మాస్క్ తప్పవు. కొట్టే రెండు నిమిషాలు ఫ్యాన్, ఆ వెంటనే తలుపు వేసి మళ్లీ డ్రై మోడ్.

తెల్లబడిన హల్‌ను గోకి పారేయలేదు. ఏసీ గదిలో రిటార్డర్ కలిపిన థిన్నర్ పొగమంచులా దూరం నుంచి ఒక పూత కొడితే పై పొర కరిగి తేమ వదిలేసింది. దాదాపు అంతా పోయింది. పొగగొట్టాల వెనక ఉన్న కొంచెం మసి రంగు కింద పోతుంది.

ఫ్లైట్ డెక్ చెక్క. లేత గోధుమ రంగు అంతటా కొట్టి, కొన్ని పలకలు ఒక్కొక్కటిగా కాస్త ముదురు, కాస్త లేత వేశాను. తేడా ఎక్కువైతే గళ్ల లుంగీలా కనిపిస్తుంది, రెండడుగుల దూరం నుంచి చూసి తేడా పోల్చుకోలేకపోతే అప్పుడది సరైన తేడా.

తుప్పు చారల కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి బోట్లు చూశాను. తుప్పు ఎక్కడబడితే అక్కడ ఉండదు. లంగరు గొలుసు దిగే చోట, నీళ్లు బయటికి పోయే తూముల కింద, అతుకుల అంచున మొదలై సన్నగా కిందికి జారుతుంది. పైన ముదురు, కిందికి పోయే కొద్దీ మాయం. ర్యూజో 1941 డిసెంబరు నుంచి ఫిలిప్పీన్స్, మలయా, జావా వైపు తిరుగుతూనే ఉండి ఏప్రిల్‌లో బంగాళాఖాతంలోకి వచ్చింది. కాబట్టి కొత్త ఓడలా మెరిసిపోకూడదు. అలాగని పాడుబడిన ఓడలా కూడా ఉండకూడదు, అది పని చేస్తున్న యుద్ధనౌక. లంగరు కింద రెండు చారలు, తూముల కింద సన్నటివి, అంతే.

ఖర్చు: హైగ్రోమీటర్ 350, ప్రైమర్, రంగులు 1,720, థిన్నర్, రిటార్డర్ 780, మాయిశ్చర్ ట్రాప్ 450.
ఇప్పటిదాకా: రూ. 12,380.

దశ 5: విమానాలు, లిఫ్టులు

డెక్ మీద రెండు లిఫ్టులు. ముందుది 15.7 × 11.1 మీటర్లు, వెనకది 10.8 × 8. బీ5ఎన్ రెక్కలు విప్పితే 15.5 మీటర్లు, ముడిస్తే 7.3, పొడవు 10.3. ముడిచిన బీ5ఎన్ వెనక లిఫ్టులో అటూ ఇటూ అరచేయి పట్టే సందుతో సరిపోతుంది. ఏ5ఎం4 రెక్కలు 11 మీటర్లు, ముడుచుకోవు. అది వెనక లిఫ్టులో దిగదు. అంటే ఈ ఓడకి ఫైటర్లు పైకీ కిందికీ పోవడానికి దారి ఒక్కటే, ముందు లిఫ్టు. ఈ లెక్క తెలిశాక విమానాలు ఎక్కడ పెట్టాలన్నది తేలిపోయింది. వెనక లిఫ్టు మీద రెక్కలు ముడిచిన బీ5ఎన్ ఒకటి, దాని వెనక విప్పినవి ఐదు, ముందు లిఫ్టుకు దగ్గరగా ఏ5ఎం4 మూడు.

విమానాలు పారదర్శక ప్లాస్టిక్‌లో వచ్చాయి. రెక్క ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలైందో కనబడదు. స్ప్రూ మీద ఉండగానే బూడిద ప్రైమర్ కొట్టి, ఆ తర్వాతే కోయాలి. రెక్క ముడవడానికి కోసేటప్పుడు పార్టు ఎగిరిపోకుండా కింద టేపు జిగురు వైపు పైకి పెట్టుకున్నాను. ముడిచిన వెడల్పు 10.4 మి.మీ. రావాలి, 10.7 వచ్చింది. డెక్ మీద లిఫ్టు గీత వెడల్పు 11.5. పట్టింది.

డెక్ తెల్ల చారలు డికాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పలుచటి స్టిక్కర్లు). పలకల గీతల మీద అవి డేరాలా నిలబడ్డాయి. కింద మెరిసే క్లియర్ పూత వేసి, డికాల్ సాఫ్టెనర్ రెండు దఫాలు పట్టించాక గీతల్లోకి దిగాయి. సాఫ్టెనర్ వేసినప్పుడు డికాల్ ముడతలు పడుతుంది. ముట్టుకోకండి, ఆరే కొద్దీ దానంతటదే సర్దుకుంటుంది.

ఖర్చు: సాఫ్టెనర్ 420.
ఇప్పటిదాకా: రూ. 12,800.

దశ 6: సముద్రం, పెట్టె

4 మి.మీ. ప్లైవుడ్ మీద టిష్యూ కాగితం, నీళ్లు కలిపిన ఫెవికాల్. ఒక వైపే తడిపితే ప్లైవుడ్ వంగింది, వెనక వైపు కూడా ఒక పూత వేశాక తిరిగి చదునైంది. మందంగా వేసిన చోట ఆరక ముందే బూజు పట్టింది. పలుచటి పొరలు, పొర పొరకీ ఏసీ గది. రంగు విషయంలో బీచ్ రోడ్డు నుంచి కనిపించే పచ్చటి నీళ్లను నమ్మొద్దు, అది ఒడ్డు దగ్గరి రంగు. విమానాలు లేపే ఓడ లోతు నీళ్లలో ఉంటుంది కాబట్టి ముదురు నీలం వేశాను. విమానాలు లేవాలంటే గాలికి ఎదురుగా వేగం అందుకోవాలి, అందుకే ముక్కు దగ్గరా వెనకా నురుగు ఎక్కువ.

పెట్టె 3 మి.మీ. యాక్రిలిక్, 320 × 110 × 90. అతుకుల్లో సన్నటి ఫోమ్ టేపు ఉండాలి, లేకపోతే ఉప్పు గాలి లోపలికొచ్చి ఇత్తడి మళ్లీ మచ్చలు పడుతుంది. అడుగు పలకలో చిన్న అర చేసి నీలం సిలికా జెల్ పెట్టాను. గులాబీ రంగుకి తిరిగితే తీసి సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతుంది. ఆ నీలం రంగులో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి వంట పెనం వాడకూడదు, దానికో పాత రేకు విడిగా ఉంచుకోండి.

ఖర్చు: ప్లైవుడ్, టిష్యూ, రంగులు 310, యాక్రిలిక్ పెట్టె 1,150, సిలికా జెల్ 100.
మొత్తం: రూ. 14,360.